కాంటా గుంజుకున్న రోజు

ప్రశ్న: ఏళ్ల తరబడి నోరు మెదపని అరబ్ జనం 2011లో ఒక్కసారిగా ఎందుకు తిరగబడ్డారు సార్? ఫేస్‌బుక్ వల్లేనా?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: ఫేస్‌బుక్ కబురు మోసిందమ్మా, కడుపుమంట ముందే ఉంది. ట్యునీషియాలోని సిదీ బౌజిద్‌లో మొహమ్మద్ బువాజిజీ తోపుడుబండి మీద పండ్లు అమ్మేవాడు. 2010 డిసెంబర్ 17న అధికారులు అతని కాంటా గుంజుకున్నారు. గవర్నర్ ఆఫీసుకు వెళితే వినే దిక్కు లేదు. ఆ ఆఫీసు ముందే ఒంటికి నిప్పంటించుకున్నాడు. జనవరి 4న చనిపోయాడు. ఇంకో పది రోజులకు, 23 ఏళ్లు ఏలిన ట్యునీషియా అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు.

మా నాయన నల్గొండలో బత్తాయిల బండి నడిపేవాడు. ఒకసారి ఆయన కాంటా కూడా పట్టుకుపోయారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పోయిన డబ్బుల మాటే ఎత్తలేదు, 'నలుగురిలో నన్ను ఒరేయ్ అన్నాడు' అని మాత్రం పదేపదే అన్నాడు. అందుకే సిదీ బౌజిద్ నాకు దూరం ఊరు అనిపించదు.

ఆ అరబ్ దేశాల్లో చదివినవాళ్లకు ఉద్యోగాల్లేవు, పోలీసులకు అడ్డులేదు. ఈజిప్టు జనం అడిగింది రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం. ట్యునీషియాను చూశాక వాళ్లకు భయం పోయింది. ఫిబ్రవరి 11న వాళ్ల అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు. మన దగ్గరా 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాకే కదా ఊళ్లకు ఊళ్లు లేచింది!

సిరియాలో మాత్రం ప్రభుత్వానికి వ్యతిరేకంగా గోడ మీద రాతలు రాసిన దరా ఊరి పిల్లల్ని పట్టుకుపోయి హింసించారు. తిరుగుబాటు యుద్ధమైంది. అధ్యక్షుడు అసద్ 2024 డిసెంబర్ దాకా గద్దె దిగలేదు.