జరగనివి జరిగినట్టు చెప్తున్నారు, అబద్ధమా జబ్బా?

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు. నాలుగు నెలల క్రితం బైక్ మీంచి పడి తలకి గట్టి దెబ్బ తగిలింది. ఇప్పుడు నడుస్తున్నారు, బాగానే మాట్లాడుతున్నారు. కానీ నిన్న ఆఫీసుకెళ్లొచ్చా అంటారు, వెళ్లలేదు. తమ్ముడి అప్పు తీర్చేశా అంటారు, తీర్చలేదు. కాదంటే కోపం. కావాలనే అబద్ధాలు చెప్తున్నారా? ఇది తగ్గుతుందా?

జవాబు: అమ్మా, ఆయన అబద్ధం చెప్పట్లేదు. అబద్ధం చెప్పేవాళ్లకి నిజమేంటో తెలుసు, ఈయనకి మాత్రం అది నిజంగానే జరిగినట్టు గుర్తుంది, అందుకే మీరు కాదనగానే అంత కోపం వస్తోంది. దీన్ని మేం కన్‌ఫాబ్యులేషన్ అంటాం.

మనకి ఏదైనా గుర్తొచ్చినప్పుడు అది నిజంగా జరిగిందా, అనుకున్నదేనా, ఇప్పటిదా, పాతదా అని సరిచూసే పని చాలావరకు మెదడు ముందుభాగానిది, ముఖ్యంగా కళ్ల పైన ఉండే అడుగుభాగానిది. తలకి దెబ్బ తగిలినప్పుడు మెదడు కదిలి పుర్రె లోపలి గరుకు ఎముకకి రాసుకునేది ఎక్కువగా అక్కడే. ఆ పని దెబ్బతింటే, ఏడాది క్రితం ఆఫీసుకెళ్లిన రోజు నిన్నటి రోజులా వచ్చేస్తుంది, అప్పు తీర్చాలి అనుకున్నది తీర్చేసినట్టు అయిపోతుంది. సీటీ స్కాన్ నార్మల్ వచ్చినా ఇలా ఉండొచ్చు, చిన్న గాయాలు ఎంఆర్ఐలోనే కనపడతాయి కొన్నిసార్లు.

ఇంట్లోవాళ్లు ప్రేమతోనే చేసినా నాకు బాధ కలిగించే పని ఒకటుంది, పరీక్ష పెట్టడం. "నిన్నేం తిన్నావ్, ఎవరొచ్చారో చెప్పు చూద్దాం" అని గుచ్చి గుచ్చి అడిగితే ఖాళీ ఉన్నచోట మెదడు ఏదో ఒకటి నింపేస్తుంది. యాక్సిడెంట్ గురించి కూడా "లారీ కదా గుద్దింది?" లాంటి ప్రశ్నలు వద్దు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు యాక్సిడెంట్ వీడియో చూపించి కొందరిని కార్లు తగిలినప్పుడు స్పీడెంత అని, కొందరిని ఢీకొని నుజ్జైనప్పుడు స్పీడెంత అని అడిగారు, వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే మొదటి గుంపులో 50 మందిలో 7 మంది, రెండో గుంపులో 16 మంది చూశామన్నారు. అసలు వీడియోలో పగిలిన అద్దమే లేదు! దెబ్బ తగలని వాళ్లకే అలా అయితే ఈయన సంగతి ఆలోచించండి.

మరి ఏం చేయాలంటే, వాదించొద్దు, అవునని ఒప్పుకోవద్దు కూడా. "ఆఫీసు గుర్తొస్తోందా, డైరీలో ఏముందో చూద్దామా" అనండి. ఆ డైరీ ఆయన చేత్తోనే, ఏ రోజుది ఆ రోజే, టైంతో సహా రాయించండి, మీరు రాస్తే నమ్మకపోవచ్చు. అప్పు సంగతి ఆయన పక్కన కూర్చుని బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఒకసారి చూపించండి, ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి, కానీ మరిదిగారికి విషయం చెప్పి ఉంచండి. సంతకాలు, డబ్బు వ్యవహారాలు ఇప్పట్లో ఒంటరిగా వద్దు, డాక్టర్ సరే అనేదాకా బండి కూడా వద్దు.

నిద్ర సరిపోవాలి, మద్యం అస్సలు వద్దు, మద్యం అలవాటున్నవాళ్లలో బి1 విటమిన్ తగ్గి కూడా ఇలాంటి తప్పుడు జ్ఞాపకాలు వస్తాయి. మత్తొచ్చే జలుబు, ఎలర్జీ మాత్రలు, నిద్రమాత్రలు అయోమయాన్ని పెంచుతాయి కాబట్టి ఏవేం వాడుతున్నారో డాక్టర్‌కి చూపించండి, ఫిట్స్ మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

తలనొప్పి రోజురోజుకీ పెరగడం, వాంతులు, ఎప్పుడూ మగతగా ఉండటం, ఫిట్స్, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, అయోమయం ఉన్నట్టుండి ఎక్కువవడం, వీటిలో ఏది కనిపించినా అదేరోజు ఎమర్జెన్సీకి వెళ్లండి, దెబ్బ తగిలిన వారాల తర్వాత కూడా మెదడు పైపొరల కింద నెమ్మదిగా రక్తం చేరొచ్చు.

తగ్గుతుందా అన్నారు. చాలామందిలో తగ్గుతుంది, మొదటి ఆరు నెలల నుంచి ఏడాదిలో మార్పు ఎక్కువ కనిపిస్తుంది, తర్వాత కూడా మెల్లగా ఉంటుంది. యాక్సిడెంట్ జరిగిన ఆ కాసేపు మాత్రం ఎప్పటికీ గుర్తురాకపోవచ్చు, దాన్ని అలాగే వదిలేయండి. న్యూరోసైకాలజిస్ట్ దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి, వెళ్లేటప్పుడు ఆయన ఏ రోజు ఏమన్నారో, అసలు జరిగింది ఏంటో మీరు విడిగా రాసుకున్న కాగితం తీసుకెళ్లండి, ఆయన ముందు చదవకుండా డాక్టర్ చేతికివ్వండి.