ఆ సీసాలో ముందు ఏముందో అడుగు

చిరంజీవి చిన్నీకి, అత్త దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఈ వేసవి సెలవుల్లో నువ్వు విజయవాడ సింగ్ నగర్‌లో పిల్లల్ని పోగేసి, పాత సామాన్లతో బొమ్మలు చేయించే క్లాసు పెడుతున్నావట కదా. వాడి గొంతులో సగం గొప్ప, సగం గోల. "బీటెక్ చదివి సీసాలు ఏరుకుంటోంది అక్కా" అన్నాడు. నాకు మాత్రం భలే సంతోషమేసింది. మన ఇంట్లో మళ్ళీ ఓ క్రాఫ్ట్ టీచర్ తయారైందని నవ్వుకుంటూ పడుకున్నాను. నడిరాత్రి మెలకువ వచ్చింది, ఇక నిద్ర పట్టలేదు. ఎందుకో కిందికి వెళ్ళేసరికి నీకే తెలుస్తుంది.

నీకు తెలిసిన విషయాలు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మొన గుండ్రంగా ఉన్న కత్తెరలు కొను, కింద పాత పేపర్లు పరువు, బకెట్టు నీళ్ళు, సబ్బు దగ్గర పెట్టుకో, తోడుగా ఇంకో పెద్దమనిషిని ఉంచుకో.

ఇప్పుడు తిట్లు. బీసెంట్ రోడ్డుకెళ్ళి థర్మోకోల్ షీట్లు, తళుకు కాగితాలు, రంగు స్పాంజి షీట్లు కొన్నావట. పారేసేవాటితో బొమ్మలు చేయించడానికి కొత్త సరుకు కొనడమేమిటే? క్లాసయ్యాక అదంతా వెళ్ళేది చెత్తబండిలోకే కదా! పైగా అలంకరణకి వాడే థర్మోకోల్ మీద దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. షాపులో దొరుకుతోందిగా అంటావు. దొరుకుతుంది. వెనక్కి ఇచ్చెయ్యి, తీసుకోనంటే అటకెక్కించు. కాల్చిన తీగతో దాన్ని కోసి చూపించడం మాత్రం వద్దు. ఆ పొగ పిల్లలు పీల్చకూడదు.

ఇక నన్ను నిద్ర లేపిన సంగతి. "మీ ఇంట్లో ఖాళీ సీసాలు, డబ్బాలు ఏమున్నా తీసుకురండి, ఎక్కువ తెచ్చినవాళ్ళకి బహుమతి" అని నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ మీ నాన్న చదివి వినిపించాడు. అది ఇవాళే తీసెయ్యి. సాయంత్రం దాకా ఆగకు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంటూరుకి పడమటి వైపు, పత్తి, మిరప వేసే ఊళ్ళో హైస్కూల్లో చేశాను. అక్కడి హెడ్మాస్టరు గారికి పిల్లలంటే ప్రాణం. పంద్రాగస్టుకి ఖాళీ సీసాలు, డబ్బా మూతలతో స్కూలు ఆవరణలో పెద్ద ఆంధ్రదేశం పటం పేర్పించాలని ఆయనకి ముచ్చట పుట్టింది. ప్రేయర్‌లో చెప్పారు, ఎవరు ఎక్కువ తెస్తే వాళ్ళకి జామెట్రీ బాక్సు అని. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో జామెట్రీ బాక్సంటే ఏమనుకున్నావు! రెండు మూడు రోజుల్లోనే వరండా నిండిపోయింది. టానిక్కు సీసాలు, కిరసనాయిలు డబ్బాలు, పొలం గట్ల మీద ఏరుకొచ్చిన పురుగుమందు సీసాలు. పురుగుమందు సీసా చూడటానికి ఎంత బాగుంటుందో నువ్వెప్పుడూ గమనించి ఉండవు. మెరిసే లేబులు, గట్టి మూత, లేబులు మీద ఒక మూలపై నిలబెట్టిన చతురస్రం, దాని కింది సగంలో రంగు. ఎరుపుంటే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆఖరిది ఆకుపచ్చ. పిల్లలకి అవేం తెలుసు? ఎర్రవి బాగున్నాయని మార్పిడి చేసుకుంటున్నారు.

గట్ల మీది సీసాలు అయిపోయాయి. పోటీ మాత్రం అయిపోలేదు. ఏడో తరగతి పిల్లాడొకడు వాళ్ళ కొట్టాంలో చూరులో పెట్టిన సీసా దించాడు. అందులో సగం మందుంది. దాన్ని ఇంటి వెనక కాలవలో ఒంపేసి, చేత్తోనే కడిగి, నిక్కరు జేబులో పెట్టుకుని బడికొచ్చాడు. రెండో పీరియడ్‌కి నోట్లోంచి జొల్లు కారుతోంది. చొక్కా పిండేట్టు చెమట. బోర్డు మసగ్గా ఉందన్నాడు. జ్వరమనుకుని బెంచీ మీద పడుకోబెట్టారు. మా అటెండరుకి సేద్యం ఉండబట్టి పసిగట్టాడు. వాడి చేతులు వాసన చూసి, కంటిపాపలు చుక్కల్లా ముడుచుకుపోయాయని చూపించి కేకలు పెట్టాడు. బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్ళంతా కడిగి, ఆ సీసా కూడా గుడ్డలో చుట్టి పట్టుకుని, జీపులో గుంటూరు తీసుకెళ్ళారు. సీసా ఉండబట్టి ఏ మందో డాక్టరు గారికి వెంటనే తెలిసింది. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇస్తూ ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు.

బతికాడు. ఇప్పుడు మనవల్ని బడికి దింపుతున్నాడు. ఆ కాలవ పక్కన గింజలేరుకున్న కోళ్ళు మాత్రం చచ్చాయి. వాళ్ళమ్మ బడికొస్తే హెడ్మాస్టరు గారు తలెత్తలేకపోయారు. ఆవిడ ఆయన్ని ఒక్క మాటా అనలేదు. "మందు పారబోశాడని తెలిస్తే మా ఆయన వీణ్ణి కొడతాడు, మీరొచ్చి చెప్పండి సారూ" అని మాత్రం అడిగింది. ఆయన వెళ్ళారు, మందు ఖరీదు తన జేబులోంచి ఇచ్చొచ్చారు. పటం అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ఎన్ని తెచ్చారన్న లెక్కకి బహుమతి పెట్టగా నేను చూడలేదు.

విజయవాడలో పురుగుమందు ఎక్కడిదంటావా? బాత్రూమ్ యాసిడ్ సీసా ఉంది. దోమల మందు రిఫిల్ ఉంది. కాలిపోయిన ట్యూబులైటు పగిలితే పాదరసం బయటికొస్తుంది. కారిపోయిన బ్యాటరీలు, క్లినిక్కుల వెనక పడేసే సూదులు, సగం మాత్రలున్న అట్టలు. నేనే నీకు గోతాలు పంపిద్దామనుకుని మానేశాను. మా మిర్చి యార్డులో టిక్కీలకి, అంటే మిరపకాయల బస్తాలకి, వాడిన గోనెసంచులు చవగ్గానే దొరుకుతాయి గానీ ఎంత దులిపినా ఆ ఘాటు పోదు. క్లాసంతా తుమ్ముతూ కళ్ళు నలుపుకుంటుంటే ఏం బొమ్మలు చేయిస్తావు?

అందుకని మొదటి రోజు కత్తెర ముట్టుకోవద్దు. గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చో. పిల్ల తెచ్చిన ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, ఇది ఎక్కడిది, ఇందులో ముందు ఏముండేది, ఎవరు వాడారు అని అడుగు. చెప్పలేని వస్తువు లోపలికి రాదు. చెప్పగలిగిన దాని గురించి మాత్రం నువ్వు ఆపమన్నా ఆపరు. తాత కళ్ళజోడు డబ్బా ఎన్నిసార్లు కిందపడిందో, అమ్మ పౌడరు డబ్బాలో చిల్లర ఎందుకు దాచేదో అన్నీ చెబుతారు. అది చెబుతూ చెబుతూనే దాన్ని ఏం చేయాలో వాళ్ళకి తట్టేస్తుంది. నువ్వు "ఏనుగు చేద్దామా" అని అందించనక్కర్లేదు.

ఆ పేటలో ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నీళ్ళొచ్చింది ఆ ఇళ్ళలోకే. నీళ్ళు తీశాక పరుపులు, టీవీలు, బడి పుస్తకాలు వీధుల్లో గుట్టలుపడ్డాయి. ఇల్లు ఇల్లంతా చెత్తగా మారి బండెక్కడం చూసిన పిల్లలు వాళ్ళు. ఎవరైనా అట్ట ఉబ్బిపోయిన ఫోటో ఆల్బమో, తుప్పెక్కిన బొమ్మో తెస్తే వెంటనే కత్తెర అందించకు తల్లీ. కోయాలో వద్దో వాళ్ళనే చెప్పనీ. వద్దంటే బల్ల మీద అలాగే పెట్టి, వెళ్ళేటప్పుడు చేతికిచ్చెయ్యి.

పాల కవర్లు, అట్టపెట్టెలు కూడా అందరి దగ్గరా అడక్కు. కొన్ని ఇళ్ళలో అవి నెలాఖరున పాత సామాన్ల కొట్టుకి వెళ్ళే సరుకు. నువ్వే ఆ కొట్టుకెళ్ళి కేజీల లెక్కన కొనుక్కో. థర్మోకోల్ మీద తగలేసిన డబ్బులో నాలుగో వంతు కూడా అవదు.

అతికించే సంగతికొద్దాం. ఫెవికాల్ కాగితాన్నీ చెక్కనీ పట్టుకుంటుంది గానీ నున్నటి ప్లాస్టిక్‌ని పట్టుకోదు. పొద్దున చేసిన బొమ్మ సాయంత్రానికి ఊడిపోతే పిల్ల ఏడుస్తుంది. మూతలకీ సీసాలకీ నువ్వే ముందురోజు దబ్బనంతో బెజ్జాలు పెట్టి ఉంచు. వాళ్ళు దారంతో కట్టుకుంటారు. వేడి జిగురు తుపాకీ నీ చేతిలో ఉన్నా నాకు టెన్షనే. కాగితం, అట్ట పనికి మైదా ఉడికించుకో. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు, అది విషం, నువ్వు కలపకు. మీకు కూతవేటు దూరంలోనే ఉందిగా కొండపల్లి, వెళ్ళి చూసిరా. తెల్లపొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఎలా అతుకుతారో చూపిస్తారు. మీ నాయనమ్మ అయితే పాత పేపర్లు నానేసి, మెంతులతో కలిపి రుబ్బి, చిల్లులుపడ్డ చాటలకి పూసేది. ఆ మెంతుల వాసన ఎండాకాలమంతా మా పెరట్లో ఉండేది. మీ నాన్న ఆ గుజ్జు దొంగిలించి ఎద్దుల్ని చేసి తాటిబుర్రల బండికి కట్టేవాడు. ఇప్పుడు నిన్ను సీసాలు ఏరుకుంటోందంటున్న మనిషి, తాత హవాయి చెప్పులు కొత్తవి కోసి చక్రాలు చేసి తన్నులు తిన్నాడని చెప్పానని చెప్పు.

సైకిల్ షాపులో వాల్వు ట్యూబు అడుగు. దాన్ని చిన్న ముక్కలు కోసి, అగ్గిపుల్లల కొసలు అందులో దూరిస్తే కీళ్ళవుతాయి. 2018లో పద్మశ్రీ వచ్చిన అరవింద్ గుప్తా గారు దేశమంతా తిరిగి పిల్లలకి నేర్పిన పని అది. పుల్లలతో చేసిన చతురస్రం ఊగిపోతుంది, త్రికోణం కదలదు. ఎందుకో నువ్వు చెప్పకు, వాళ్ళనే లాగి చూడనీ. పుల్లల తల మందు మాత్రం ముందే గోకేసి ఉంచు.

తెనాలి శిల్పులు 2021లో పాత నట్లు, బోల్టులతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం చేశారు. పెద్ద పిల్లలకి దాని ఫోటో చూపించు. అంతవరకే. ఆటోనగర్ దగ్గరే కదా అని వాళ్ళని తీసుకెళ్ళి ఇనుప ముక్కలు ఏరించావంటే నేను బస్సెక్కి వచ్చేస్తాను.

ఆదివారం మీ నాన్న ఇటు వస్తానన్నాడు. రెండు దబ్బనాలు, చింతగింజల పిండి వాడితో పంపిస్తాను. పిండి పొడిగా ఉంచుకుని ఏ రోజుకారోజు ఉడికించుకో. దబ్బనాలు నీ సంచిలోనే ఉండాలి. మొదటి రోజు ఏమేం వెనక్కి పంపించావో రాత్రికి ఫోన్ చేసి చెప్పు, ఎంత ఆలస్యమైనా సరే.

నీ అత్త
బ్రాడీపేట, గుంటూరు