స్టేషన్‌లో కొట్టారు, ఆస్పత్రి చీటీలో మాత్రం బండి మీద నుంచి పడ్డాడని ఉంది

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక మండల కేంద్రం. మా తమ్ముడికి 24 ఏళ్లు, ఆటో నడుపుతాడు. ఐదు వారాల కిందట సెల్‌ఫోన్ల దొంగతనం అనుమానంతో పోలీసులు తీసుకెళ్లి రెండు రాత్రులు స్టేషన్‌లో ఉంచారు. నేరం ఒప్పుకోమని అరికాళ్ల మీద, తొడల మీద లాఠీతో కొట్టారు. రెండు తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. కానిస్టేబుల్ చెప్పిన నంబరుకు 5,000 రూపాయలు ఫోన్‌పే చేశాక వదిలారు. కేసు పెట్టలేదు. సర్కారు దవాఖానకు తీసుకెళ్తే కానిస్టేబుల్ వెంట వచ్చాడు. భయపడి, బండి మీద నుంచి పడ్డాడని డాక్టరుకు చెప్పాం. వాడికి ఇప్పటికీ నడిస్తే నొప్పి, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. అమ్మ సరిగా తినడం లేదు. తెలిసిన ఆర్‌ఎంపీ ఒకాయన పాత తేదీ వేసి దెబ్బల సర్టిఫికెట్ ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? ఎస్సైకి శిక్ష పడుతుందా?

జవాబు: మీరు పంపిన పూర్తి ఉత్తరంలో ఎస్సై తిట్టిన తిట్లు మాట పొల్లుపోకుండా రాశారు. తమ్ముణ్ని ఏ రోజు ఎన్ని గంటలకు తీసుకెళ్లారో, ఎప్పుడు వదిలారో ఒక్క చోటా రాయలేదు. మీ కేసు తేలేది ఆ టైముల దగ్గరే.

రేపు కోర్టులో పోలీసులు ‘మేం కొట్టలేదు’ అని వాదించరు. ‘ఆ అబ్బాయి మా స్టేషన్‌కే రాలేదు’ అంటారు. అరెస్టు చూపలేదు, నోటీసు ఇవ్వలేదు, స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో పేరు ఎక్కించి ఉండరు. కాబట్టి మీరు ముందు రుజువు చేయాల్సింది వాడు ఆ రెండు రాత్రులు స్టేషన్ లోపలే ఉన్నాడని. అది నిలబడితే, లోపల ఏం జరిగిందో తెలిసింది వాళ్లకే కాబట్టి వాళ్లే చెప్పాలని పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 109వ సెక్షన్ కింద గట్టిగా అడగొచ్చు. కస్టడీలో గాయాలుంటే పోలీసులే చేశారని కోర్టు భావించేలా చట్టం మార్చాలని లా కమిషన్ 1985లోనే 113వ నివేదికలో సిఫారసు చేసింది. 2024 జులై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినా ఆ మార్పు మాత్రం రాలేదు. అందుకే రుజువు చేయాల్సిన బరువు ఇంకా మీ మీదే ఉంది.

లోపల ఉన్నాడని చెప్పడానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం స్టేషన్ సీసీటీవీ. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, గేటు సహా అన్ని చోట్లా కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు, ఆ సౌకర్యం లేకపోతే కనీసం ఏడాది దాచాలని ఆదేశించింది. ఆదేశం ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అదే ఏడాది జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకుల కస్టడీ మరణాల మీద విచారణకు వెళ్లిన మేజిస్ట్రేట్ చూస్తే, డిస్కులో చోటు ఉన్నా ఫుటేజీ ఏ రోజుది ఆ రోజే చెరిగిపోయేలా పెట్టి ఉంది. అక్కడ ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ ధైర్యం చేసి నోరు విప్పింది. మీ ఊరి స్టేషన్‌లో అలాంటి మనిషి ఉంటుందని నమ్ముకుని కూర్చోలేం.

ఐదు వారాలు ఊరికే పోనిచ్చారు. ఇవాళే ఎస్పీకి, మీది కమిషనరేట్ పరిధి అయితే కమిషనర్‌కు, ఉత్తరం రాయండి. ఫలానా తేదీ ఇన్ని గంటల నుంచి ఫలానా తేదీ ఇన్ని గంటల వరకు స్టేషన్‌లోని అన్ని కెమెరాల రికార్డింగు చెరపకుండా భద్రపరచమని అడగండి. స్టేషన్ ఇన్‌చార్జి అయిన ఎస్‌హెచ్‌ఓకు, కలెక్టర్‌కు ప్రతులు పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచండి. అదే ఫుటేజీ కోసం సమాచార హక్కు చట్టం కింద కూడా దరఖాస్తు పెట్టండి. ఇవ్వబోమని జవాబు రావచ్చు, రానివ్వండి. మీరు సకాలంలో అడిగారనడానికి ఆ తిరస్కరణే కాగితం. తర్వాత ఫుటేజీ మాయమైతే, అది బయటికొస్తే తమకే నష్టమని దాచేశారని కోర్టు అనుకోవడానికి అదే సాక్ష్య అధినియం 119వ సెక్షన్ వీలిస్తుంది.

ఇక మీ చేతిలో ఉన్నవి. తమ్ముడి ఫోన్ ఆ రెండు రోజులు ఏ టవర్ కింద ఉందో, మీరు కానిస్టేబుల్‌కు ఎన్నిసార్లు కాల్ చేశారో కంపెనీ దగ్గర రెండేళ్ల పాటు ఉంటుంది, కోర్టు ద్వారా తెప్పించవచ్చు. అమ్మ క్యారియర్ తీసుకెళ్లినప్పుడు గేటు దగ్గర ఎవరు అందుకున్నారు? ఎదురుగా టీకొట్టు వాళ్లు చూశారా? వీటిని మరిచిపోకముందే తేదీలతో రాసి పెట్టండి. ఫోన్‌పే 5,000 కూడా మంచి సాక్ష్యమే, కానీ దాంట్లో ఒక చిక్కుంది. బలవంతం మీద లంచం ఇచ్చినవాళ్లకు అవినీతి నిరోధక చట్టం రక్షణ ఇస్తుంది కానీ, ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలంటుంది. మీరు ఆ గడువు దాటించేశారు. కాబట్టి ఈ డబ్బు సంగతి వకీలుతో మాట్లాడాకే ఫిర్యాదులో రాయండి. స్క్రీన్‌షాట్ పట్టుకుని ఎవరి దగ్గరికీ పోవద్దు.

ఆస్పత్రి చీటీ చూసి మీరు బెంబేలెత్తారు. నేను మీరు పంపిన ఫొటో రెండుసార్లు చదివాను. పైన ‘బండి మీద నుంచి పడ్డాడు’ అనే ఉంది, అది మీరు చెప్పిందే. కింద డాక్టరు రాసింది చూడండి: రెండు అరికాళ్లూ వాచి కమిలాయి, తొడల వెనక పొడవాటి చారలు. బండి మీద నుంచి పడితే మోకాళ్లు, మోచేతులు గీసుకుపోతాయి గానీ రెండు అరికాళ్లూ ఒకేలా కమలవు. ఆ చీటీ మీకు పనికొచ్చేదే. అబద్ధం ఎందుకు చెప్పారో అఫిడవిట్‌లో ఒప్పుకోండి: కానిస్టేబుల్ పక్కనే నిలబడ్డాడు, అంతే.

ఇప్పుడు ఆర్‌ఎంపీ సంగతి. ఆ కాగితం ముట్టుకోవద్దు. లేని సాక్ష్యం పుట్టించి కోర్టులో పెట్టడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. అవతలి వకీలుకు ఆ ఒక్క కాగితం చాలు. మీ చీటీ, మీ సీసీటీవీ ఉత్తరం, మీ అమ్మ మాట, అన్నీ కల్పితమే అంటాడు. నిజంగా దెబ్బలు తిన్నవాడి కేసును దొంగ సర్టిఫికెట్ పాడుచేయడం నేను చాలాసార్లు చూశాను. నొప్పి ఉంది కదా, తమ్ముణ్ని మళ్లీ ప్రభుత్వాస్పత్రికే తీసుకెళ్లండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొట్టారో ఈసారి ఉన్నదున్నట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు, కోర్టు అవసరానికి పనికొచ్చే గాయాల రికార్డుగా రాయమనండి. ఎక్స్‌రే తీయించండి. ఎముక చిట్లి ఉంటే, అతుక్కుంటున్న గుర్తు ఇప్పటికీ కనబడవచ్చు. మీరు తీసిన ఫొటోలు తీసిన ఫోన్‌లోనే ఉండనివ్వండి. వాట్సాప్‌లో తిరిగిన ప్రతికి తీసిన తేదీ, సమయం వివరాలు పోతాయి. ఆ ఫోన్ అమ్మడం, ఫార్మాట్ కొట్టించడం చేయకండి.

ఫిర్యాదులో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: ‘నేరం ఒప్పుకోమని కొట్టారు.’ అలా ఉంటే అది బీఎన్‌ఎస్ 120 కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష, కాలపరిమితి అడ్డురాదు. ఉత్త ‘కొట్టారు, నిర్బంధించారు’ అని రాస్తే చిన్న సెక్షన్లకు దిగిపోతుంది, వాటికి ఏడాదే గడువు. తెల్లకాగితాల మీద సంతకాల మాట కూడా ఇప్పుడే రాసేయండి. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు గానీ, ‘నా ఇష్టంతో వచ్చాను, ఎవరూ ఏమీ అనలేదు’ అని ఆ కాగితం మీద రాసుకునే వీలుంది.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోరు, అది తెలిసిందే. ఇవ్వబోయి వెనక్కి వచ్చిన సంగతి రాస్తూ ఎస్పీకి పోస్టులో పంపండి. కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయాలి. పోలీసు అధికారి మీద కాబట్టి కోర్టు పై అధికారి నివేదిక అడగవచ్చు, ఆలస్యం అవుతుంది. పోలీసు అధికారి మీద కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి లేదన్న అభ్యంతరమూ తప్పక వస్తుంది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు వకీలు లేకుండానే రాయొచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపు. అది సిఫారసే చేస్తుంది, కానీ పోలీసుల నుంచి నివేదిక తెప్పిస్తుంది, ఆ నివేదికలో వాళ్లు చెప్పిన మాట మనకు పనికొస్తుంది. నష్టపరిహారానికి సివిల్ దావా వేయాలనుకుంటే గడువు ఏడాదే, ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఫుటేజీ ఇవ్వకుండా సాగదీస్తే హైకోర్టులో రిట్ వేయొచ్చు. 1993లో కస్టడీ మరణం మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చిన నీలబతి బెహరా కేసు నుంచి రిట్‌లోనే పరిహారం ఇచ్చే దారి ఉంది. కాకపోతే వాస్తవాలు తగువులో ఉంటే హైకోర్టు మిమ్మల్ని కింది కోర్టుకు పొమ్మంటుంది.

శిక్ష పడుతుందో లేదో ఇప్పుడే ఎవరైనా హామీ ఇస్తే ఆ వకీలు దగ్గరికి పోకండి. ఫీజు ఇబ్బంది అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. పోయేటప్పుడు ఆస్పత్రి చీటీ అసలు కాపీ, స్పీడ్ పోస్టు రసీదులు, తేదీల కాగితం తీసుకెళ్లండి. తమ్ముణ్ని కూడా తీసుకెళ్లండి, వాడి మాట వాడే చెప్పాలి.