డిఫ్ తెరిచే ముందు

అల్లుడూ,

నీ రెండు రిమోట్ కంట్రోల్ ట్రక్కుల డిఫరెన్షియళ్లనూ (డిఫ్‌లనూ, అంటే మోటారు బలాన్ని చక్రాలకు పంచే గేర్లనూ) ఈ ఆదివారం లాక్ చేసేస్తానని రాశావు. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇది చదువు. బండలెక్కే నీ టమియా సీసీ-01కి లాకింగ్ కావాలి. మైదానంలో దుమ్ము రేపుతూ పరిగెత్తే ఆ పెద్ద ఫోర్ బై ఫోర్‌కి కావాల్సింది సీలింగ్, అంటే డిఫ్‌లో ఆయిల్ పోసి కారకుండా మూయడం. రెండిటికీ ఒకటే పని చేశావంటే ఆ రెండోది ఇరుసులు విరగ్గొట్టుకుంటుంది.

మామూలు డిఫ్ రెండు చక్రాలకూ సమానంగా టార్క్, అంటే తిప్పే బలం, పంచుతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒక చక్రం గాల్లోకి లేచిందనుకో, దాన్ని తిప్పడానికి బలం దాదాపు అక్కర్లేదు. నేల మీదున్న చక్రానికీ ఆ కాస్తే అందుతుంది. లేచింది గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. ఖాజాగూడ బండల మీద నీ ట్రక్కు ఆగిపోయేది ఇందుకే, మోటారు చాలక కాదు. కొత్త మోటారు కొనకు.

లాక్ చేస్తే రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. చిక్కంతా మలుపులోనే. అక్కడ బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి, లాకైన ఇరుసు వెళ్లనివ్వదు, కాబట్టి ఏదో ఒక టైరు జారాల్సిందే. మట్టిలో, ఇసుకలో సులువుగా జారిపోతుంది. సిమెంటు రోడ్డు మీద జారదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అందుకని సీసీ-01లో వెనక డిఫ్ ఒక్కటే లాక్ చెయ్యి. దానికి వెనకున్నది గట్టి ఇరుసు, ఓర్చుకుంటుంది. ముందు సస్పెన్షన్ విడివిడిగా ఉంటుంది, అక్కడ లాక్ చేస్తే డ్రైవ్ షాఫ్టులకు కష్టం, స్టీరింగూ మొద్దుబారుతుంది. ఆక్సియల్ ఎస్‌సీఎక్స్10కి రెండు ఇరుసులూ లాకయ్యే వస్తాయి కదా అంటావేమో. అది మొదటినుంచీ అలా కట్టిన బండి. 2017లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4 అయితే ముందూ వెనకా డిఫ్‌లను రిమోట్ మీది స్విచ్‌తోనే లాక్ చేసి విప్పుకోవచ్చు. ఎప్పుడైనా కొత్తది కొంటే అది చూడు.

ఇక పని సంగతి. ఇందులో ముప్పావు వంతు శుభ్రం చేయడమే. గేర్లకు పట్టిన గ్రీజు కొంచెం మిగిలినా ఏ జిగురూ అంటదు, నాలుగు రాళ్లు ఎక్కేసరికి ఊడి ముక్కలవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి పంటి పంటికీ రుద్దు, పూర్తిగా ఆరనివ్వు. పెట్రోలు వాడకు, కొన్ని ప్లాస్టిక్కులను అది పాడు చేస్తుంది. మొదటిసారి గ్లూ గన్‌తో స్పైడర్ గేర్ల (డిఫ్ లోపలి చిన్న గేర్ల) మధ్య నింపు. నచ్చకపోతే తర్వాత పెకలించి తీసేయొచ్చు. నచ్చితే అప్పుడు ఎమ్-సీల్. రెండు ముద్దలూ రంగు ఒకటయ్యేదాకా పిసికి, సందుల్లోకి గట్టిగా నొక్కు. గట్టిపడకముందే డిఫ్ మూసి, బయటికి ఏమీ పొంగలేదని చూసుకో. బేరింగుల మీదా, పెద్ద గేరు పళ్ల మీదా చిన్న మరక కూడా ఉండకూడదు. ఒక రోజంతా ఆరనిచ్చాకే బ్యాటరీ పెట్టు. క్షణంలో అంటుకునే జిగురు జోలికి మాత్రం పోకు. అది నీళ్లలా పాకి బేరింగులోకి దిగుతుంది.

పెద్ద ట్రక్కుకి జిగురు వద్దు, సిలికాన్ ఆయిల్ పోయాలి. ఆయిల్ చిక్కగా ఉన్నకొద్దీ రెండు చక్రాలూ వేరు వేరు వేగాలతో తిరగడం కష్టమవుతుంది, అంటే పూర్తిగా లాక్ కాకుండానే కాస్త పట్టు వస్తుంది. ముందూ వెనకా 10,000, మధ్య డిఫ్‌లో (ముందు, వెనక ఇరుసులకు బలం పంచేది) 30,000 సెంటీస్టోక్స్‌తో (ఆయిల్ చిక్కదనపు కొలత) మొదలుపెట్టు. వేగం పెంచగానే బలమంతా ముందు చక్రాలకే పోయి అవి ఊరికే తిరుగుతుంటే మధ్యలో ఇంకా చిక్కటిది పొయ్యి. మలుపులో తోక జారుతుంటే వెనక పలచన చెయ్యి. ఒకసారికి ఒక్క డిఫ్ మాత్రమే మార్చు, లేకపోతే ఏ మార్పు ఏం చేసిందో నీకు తెలియదు.

గేర్ల మధ్య ఉండే అడ్డ పిన్నులు మునిగేదాకా ఆయిల్ పోస్తే చాలు. అంచుదాకా నింపితే వేడికి వ్యాకోచించి డ్రైవ్ షాఫ్టులు కూర్చునే కప్పుల దగ్గర కారుతుంది. పోశాక గేర్లను వేలితో నెమ్మదిగా తిప్పి, గాలి బుడగలు పైకి వచ్చేదాకా ఆగు. ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాలు) పాతవైతే మార్చెయ్, వాటికి ఇదే ఆయిల్ కొంచెం రాయి. పెట్రోలియం గ్రీజుకి కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. గ్యాస్కెట్ ముడత లేకుండా పరిచి, స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. ప్లాస్టిక్ కేసులో బలం చూపిస్తే మరలు పోతాయి.

చాలామంది తికమకపడేది ఇంకొకటుంది. ఆ ఆయిల్ డిఫ్ లోపలి గేర్లకే. బయట పెద్ద గేరుకీ, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కీ గ్రీజు విడిగా రాయాలి. డిఫ్ సీల్ చేశాం కదా అని వాటిని పొడిగా వదిలేస్తే ముందు పోయేవి అవే.

సీసీ-01 వెనక డిఫ్ తెరిచాక, శుభ్రం చేసిన గేర్ల ఫోటో నాకు పంపు. పళ్లు అరిగి ఉంటే గ్లూ దండగ, కొత్త గేర్లు తెప్పిద్దాం.

నీ మామయ్య