జిమ్నీకి లిఫ్ట్ వేశాక స్టీరింగ్ తేలిపోతుంటే ముందు చూడాల్సింది క్యాస్టర్

మీ మారుతీ జిమ్నీకి రెండంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ ఎత్తు పెంచే కిట్) వేయించాక వేగం 80 దాటితే స్టీరింగ్ తేలిపోతోందనీ, మలుపు తర్వాత దానంతటది వెనక్కి రావట్లేదనీ, నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ చక్రం ఓ పక్కకి తిరిగి ఉంటోందనీ మీరు రాశారు. అలైన్‌మెంట్ షాపులో అంతా ఓకే అన్నారు కాబట్టి స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ వణుకుని అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) వేయించమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. నా జిమ్నీకి కూడా అంతే ఎత్తు లిఫ్ట్ ఉంది. వేయించిన కొత్తలో ఓఆర్ఆర్ మీద నాకూ ఇదే టెన్షన్.

ముందు చక్రాలు ఏ గీత చుట్టూ పక్కలకి తిరుగుతాయో, ఆ గీత పైకొస వెనక్కి వాలి ఉండే కోణమే క్యాస్టర్. జిమ్నీ ముందు యాక్సిల్ (ఇరుసు) రెండు చక్రాలనీ కలిపే ఒకటే బీమ్. దాన్ని రెండు పొడవాటి ఆర్మ్‌లు వెనక ఛాసిస్‌కి పట్టి ఉంచుతాయి. బాడీ పైకి లేస్తే ఆర్మ్‌ల ముందు కొస కిందికి వాలుతుంది, దాంతో యాక్సిల్ పైభాగం ముందుకి ఒరుగుతుంది. క్యాస్టర్ తగ్గడమంటే అదే. ఎంత తగ్గుతుందో లెక్క కట్టొచ్చు: ఆర్మ్ 80 సెంటీమీటర్లు ఉందనుకుంటే 5 సెంటీమీటర్ల లిఫ్ట్‌కి సుమారు మూడున్నర డిగ్రీలు పోతాయి. స్టీరింగ్‌ని మధ్యకి లాక్కొచ్చేది ప్రధానంగా ఆ క్యాస్టరే.

మరి షాపువాళ్లు ఓకే ఎందుకన్నారు? జిమ్నీలో మామూలుగా సర్దగలిగేది టో ఒక్కటే, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. నా బండికీ టో చూసి పంపేశారు. ప్రింటవుట్ అడిగి తీసుకుంటే క్యాస్టర్ గడులు రెండు వైపులా ఎర్రగా ఉన్నాయి, అంటే హద్దులో లేవు. మీరూ ఆ కాగితం అడగండి.

దీనికి మందు ఆఫ్‌సెట్ క్యాస్టర్ బుష్‌లు (బుష్ అంటే ఆర్మ్ బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు). ఆర్మ్‌లో యాక్సిల్ వైపున్న పాత బుష్‌లు ప్రెస్‌తో తీసి, రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి ఉన్నవి ఎక్కిస్తారు. ఇక్కడ దగ్గరుండి చూసుకోండి. తిరగేసి ఎక్కిస్తే క్యాస్టర్ ఇంకా తగ్గుతుంది, రెండు ఆర్మ్‌లకీ ఒకే దిశ ఉండాలి. బోల్టులు చివరిగా బిగించేది బండి జాక్ దిగి చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. క్యాస్టర్ ఎక్కువుంటే మంచిదే కదా అని అతిగా తిప్పొద్దు. యాక్సిల్ వెనక్కి తిరిగిన కొద్దీ దాని మీదున్న డిఫరెన్షియల్ (గేర్ల డబ్బా) ముక్కు కిందికి దిగుతుంది, దానికి ఇంజిన్ శక్తి తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరిగి ఫోర్ వీల్‌లో వణుకు మొదలవుతుంది. రెండంగుళాలకి బుష్‌లు చాలు. అంతకన్నా ఎత్తైతే ఆర్మ్‌లు గానీ బ్రాకెట్లు గానీ మార్చాలి.

తర్వాత పాన్‌హార్డ్ రాడ్. అది యాక్సిల్‌ని పక్కకి జరగకుండా పట్టుకునే రాడ్. దాని వాలు పెరిగితే అడ్డంగా కొలిచే పొడవు తగ్గి, రాడ్ ఛాసిస్‌కి బిగించిన వైపుకి యాక్సిల్‌ని లాగుతుంది. 90 సెంటీమీటర్ల రాడ్ ఒక కొస రెండోదానికన్నా 10 సెంటీమీటర్లు కిందుండేది 15 అయితే 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. అడ్జస్టబుల్ రాడ్ వేసి, రెండు వైపులా టైరుకీ ఛాసిస్‌కీ మధ్య కొలిచి సమం చేయించండి.

ఇది అయ్యాకే స్టీరింగ్ చక్రం నిటారు చేయడం. ముందే చేస్తే యాక్సిల్ జరిపినప్పుడు మళ్లీ పోతుంది. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్లే రాడ్ డ్రాగ్ లింక్, దాని అడ్జస్టర్‌తోనే చేయమనండి. స్టీరింగ్ చక్రం ఊడదీసి తిప్పి పెడతామంటే ఒప్పుకోకండి. స్టీరింగ్ బాక్సు మధ్యలో ఉండదు, కోణం చూసే సెన్సర్ తప్పు లెక్క ఇచ్చి ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) లైటు వెలగొచ్చు. పాన్‌హార్డ్ రాడ్, డ్రాగ్ లింక్ దాదాపు సమాంతరంగా ఉన్నాయో లేదో కూడా ఎదురుగా నిలబడి చూడండి. ఒకదానికే డ్రాప్ బ్రాకెట్ (కొసని కిందికి దించే బ్రాకెట్) వేస్తే గుంతలో పడ్డప్పుడల్లా బండి పక్కకి లాగుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా ఒక వేగంలో స్టీరింగ్ చక్రం కొట్టుకుంటుంటే టైర్ బ్యాలెన్సింగ్, కింగ్‌పిన్ బేరింగ్‌లు (ముందు చక్రాలు పక్కలకి తిరిగే చోటున్నవి), పాన్‌హార్డ్ బుష్‌లు చూపించండి. డ్యాంపర్ ఆ వణుకుని కప్పేస్తుందే గానీ అరిగిన బేరింగ్‌ని బాగుచేయదు.

మీ ప్రశ్న కింద ఇంకొకరు కొత్త మహీంద్రా థార్ గురించి అడిగారు. దాని ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్, అంటే ఒక్కో చక్రం విడిగా కదులుతుంది కాబట్టి లిఫ్ట్‌తో క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం వాలి ఉండే కోణం), టో కూడా మారతాయి, ఈ బుష్‌ల పద్ధతి దానికి పనికిరాదు.

ప్రింటవుట్‌లో రెండు వైపులా క్యాస్టర్ ఎంతుందో రాయండి. బుష్‌లు సరిపోతాయో లేదో అప్పుడు చెప్పగలను.