గేరు పడని బండిని షెడ్డువాళ్లు ఆపేసుకోవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. నాకున్నది ఒక్కటే ట్యాక్సీ జీపు, నేనే నడుపుకుంటాను. యాత్రికులను కొండకూ, శ్రీకాళహస్తికీ, కాణిపాకానికీ తిప్పుతాను. క్లచ్ జారుతోందని షెడ్డులో ఇచ్చాను. గేర్‌బాక్స్ దించి, కొత్త క్లచ్ సెట్టు వాళ్లే తెచ్చి వేసి, మళ్లీ ఎక్కించారు. మొత్తం 29,800 రూపాయలన్నారు. 20,000 ఫోన్‌లో పంపాను. తీరా వెళ్లి చూస్తే, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ పడుతున్నాయి. స్టార్ట్ చేస్తే ఒక్కటీ పడదు, రివర్సుకు గరగరమంటోంది. ‘గేర్‌బాక్స్ ముందే పోయింది, విప్పాలి, ఇంకో 26,000 అవుతుంది, ఒప్పుకోకపోతే బండి కదలదు’ అంటున్నారు. బిల్లు ఇవ్వలేదు. నాకు దారేది?

జవాబు: మీ కేసుకు ప్రాణం ఒక్క వాక్యంలో ఉంది. ఇంజిన్ ఆపితే గేర్లు పడుతున్నాయి, తిరుగుతుంటే పడటం లేదు. లోపల గేరును నెట్టే సెలెక్టరో, రెండు గేర్లు ఒకేసారి పడకుండా ఆపే ఇంటర్‌లాకో తప్పుగా కూర్చుంటే, బయట గేర్ లింకేజీ తప్పుగా బిగిస్తే, ఇంజిన్ ఆపి ఉన్నా గేరు పడదు. ఆపినప్పుడు పడి, తిరిగేటప్పుడు అన్నీ మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదని, అంటే పెడల్ తొక్కినా ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ లింకు తెగడం లేదని మెకానిక్‌లందరికీ తెలుసు. రివర్సు గేరుకు చాలా బండ్లలో సింక్రో (గేర్ల వేగాలను కలిపే భాగం) ఉండదు కాబట్టి ఆ గరగర అక్కడే ముందు వినిపిస్తుంది.

క్లచ్ విడవకపోవడానికి కారణాలు దాదాపు అన్నీ వాళ్లు చేతులు పెట్టిన చోటే ఉంటాయి. పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే హైడ్రాలిక్ (ఆయిల్) లైనులో గాలి మిగిలిపోయిందా? క్లచ్ ప్లేటు తిరగేసి వేశారా? క్లచ్‌ను విడిపించే ఫోర్కు తన బంతి మీద నుంచి జారిందా? రిలీజ్ బేరింగ్ సరిగా కూర్చోలేదా? పైలట్ బేరింగ్ పట్టేసిందా? గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువంతా ప్లేటు మీద వేలాడేసి ప్లేటు వంచేశారా? ఇందులో ఏది తేలినా అది చాలావరకు బిగింపులో లోపమే. ‘గేర్‌బాక్స్ ముందే పోయింది’ అన్న మాట నిలబడదు.

కాబట్టి షెడ్డుకు నోటీసు పంపడం కంటే ముందు వీడియో తీయండి. చదునైన చోట, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, ముందూ వెనుకా మనుషులు లేకుండా చూసుకుని చేయాలి. ఇంజిన్ ఆపి, క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కి ఒకటి నుంచి రివర్సు దాకా అన్నీ వేసి చూపండి. ఏదైనా పడకపోతే బండిని కొంచెం కదిపి మళ్లీ వేయండి, పళ్లు ఎదురెదురుగా ఆగినా అలా అవుతుంది. తర్వాత స్టార్ట్ చేసి, పెడల్ తొక్కి పది సెకన్లు ఆగి రివర్సు వేయండి. చివరగా పెడల్‌ను మూడు నాలుగుసార్లు గబగబా తొక్కి వేయండి. అలా తొక్కాక గేరు పడితే లైనులో గాలి ఉందనే అనుమానం బలపడుతుంది. బ్లీడింగ్ చేస్తే (లైనులోని గాలి తీసేస్తే), ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకం ఆయిల్ పోస్తే తీరిపోయే పని అయి ఉండవచ్చు. దానికి 26,000 అడిగితే ఎందుకో వాళ్లే రాసివ్వాలి. వీడియోలో కిలోమీటర్ల మీటరూ, నంబరు ప్లేటూ కనిపించాలి.

గేర్‌బాక్స్ మళ్లీ దించుతామంటే మీరు లేకుండా దించనివ్వకండి. దించగానే ఫ్లైవీల్‌నూ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ వైపు బరువైన చక్రం), ప్లేటునూ ఫొటో తీయండి. ప్లేటు మీద సాధారణంగా ‘ఫ్లైవీల్ వైపు’ అనే గుర్తు ఉంటుంది. తిరగేసి బిగించి ఉంటే ప్లేటు నడుమ భాగం ఫ్లైవీల్ బోల్టు తలలకు ఒరుసుకుని గుండ్రంగా మెరిసే గీత పడవచ్చు. ఆ ఒక్క గీత వాదనలో పది పేజీల పని చేస్తుంది. తీసిన పాత సామాన్లు మీవే, అడిగి తెచ్చుకోండి.

ఇక బండి ఆపుకునే హక్కు సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద నైపుణ్యంతో, ఒప్పుకున్న ఉద్దేశానికి తగ్గట్టు పనిచేసినవాడు తన న్యాయమైన కూలి ముట్టేదాకా ఆ వస్తువును ఆపుకోవచ్చు. ఈ హక్కు నిజమైనదే. కానీ అది చేసిన పనికే. ఇంకా చేయని 26,000 పనికి బండిని పట్టి ఉంచడం ఈ సెక్షన్‌లోకి రాదు. మిగిలిన 9,800 మీద మాత్రం వాళ్లు పట్టుపట్టవచ్చు, పని ఉద్దేశమే నెరవేరలేదని మీరు ఎదురు వాదించవచ్చు. అయినా నా సలహా ఒకటే. ఆ 9,800 ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు’ అని వాట్సాప్‌లో రాసి కట్టి, బండిని, బండ్లను మోసుకెళ్లే తొట్టి లారీ మీద బయటికి తెచ్చుకోండి. వాదన గెలవడానికి నెలలు పడుతుంది, బండి నిలిచిన ప్రతి రోజూ మీ ట్రిప్పు పోతుంది. డబ్బు తీసుకునీ ఇవ్వకపోతే అప్పుడు వినియోగదారుల కమిషన్‌లో వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. పోలీసుల దగ్గరికి పరిగెత్తితే సివిల్ తగాదా అంటారు. సామాను మార్చేశారనో అమ్మేశారనో ఆధారముంటే సంగతి వేరు.

‘ట్యాక్సీ కదా, వ్యాపారం కదా, వినియోగదారు కాదు’ అని షెడ్డు లాయరు తప్పకుండా అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(7) వివరణలో, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువు వాణిజ్యం కిందికి రాదని ఉంది. ఒకే బండి, మీరే నడుపుతారు. ఈ రెండు ముక్కలూ ఫిర్యాదులోనే రాయండి. నాలుగు బండ్లకు డ్రైవర్లను పెట్టుకున్నవారికి ఇంత సులువుగా కుదరదు.

కమిషన్ తిరుపతిలోనే ఉంది. మీరు ఉండే చోట ఫిర్యాదు వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది కాబట్టి షెడ్డు చిత్తూరులో ఉన్నా ఇబ్బంది లేదు. చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి రుసుము లేదు. గడువు రెండేళ్లు. ముందు 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, అందిన రుజువు దాచుకోండి. 1915 హెల్ప్‌లైన్‌కూ చెప్పవచ్చు, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం లెక్కలో అనుచిత వ్యాపార పద్ధతే. నోటీసులో దాన్ని విడిగా రాయండి. క్లచ్ సెట్టే లోపం అని వాళ్లు అంటే, అమ్మిన దుకాణం పేరు రాబట్టి దాన్నీ ప్రతివాదిగా చేర్చండి. సామానూ పనీ రెండూ షెడ్డువాళ్లవే కాబట్టి మీకు చిక్కు తక్కువ. ప్లేటు మీరే కొనిచ్చి ఉంటే ఒకరి మీద ఒకరు నెట్టుకునేవారు.

లోపం రుజువు చేసే భారం మీదే. మీ మాటా, మీ వీడియో మాత్రమే ఉంటే సరిపోదు. బండిని వేరే షెడ్డులో విప్పించే ముందు వాహనాల నష్టం అంచనా వేసే లైసెన్సున్న సర్వేయరు చేత పరిశీలన రాయించండి. ఆ రెండో షెడ్డు మెకానిక్ చేత ఏం కనిపించిందో, ఏం మార్చారో బిల్లూ అఫిడవిట్టూ తీసుకోండి. వీడియోలూ, వాట్సాప్ సంభాషణలూ వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువీకరణ) జతచేయండి. పాత సాక్ష్య చట్టం ప్రకారం 65బీ అని అడిగేది ఇదే, 2024 జులై 1 నుంచి నంబరు మారింది.

పరిహారంలో ఇచ్చిన డబ్బు, రెండోసారి అయిన ఖర్చు, తొట్టి లారీ బాడుగ, పోయిన ఆదాయం, కోర్టు ఖర్చులు అడగండి. ఆదాయానికి గత మూడు నాలుగు నెలల బుకింగ్ మెసేజీలు, ఫోన్‌లో వచ్చిన చెల్లింపులు చూపాలి. ‘రోజుకు ఐదు వేలు’ అని ఊరికే రాస్తే కమిషన్ కొట్టేస్తుంది. కేసు ఉంది కదా అని బండిని ఆరు నెలలు పడుకోబెట్టకండి. నష్టం తగ్గించుకునే మార్గం మీకేముందో కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ ప్రకారం లెక్కలోకి తీసుకుంటారు.

ఒక్క మాట. ఈ లోపం తీరేదాకా ‘ఎలాగో సెకండ్ గేరులో స్టార్ట్ చేసి పోతుంది’ అని కొండకు మాత్రం తీసుకుపోకండి. మొదటి ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది గేరే. మలుపులో న్యూట్రల్‌కు వచ్చి మళ్లీ పడకపోతే భారమంతా బ్రేకుల మీదే. పైగా లోపం తెలిసీ జనాన్ని ఎక్కించుకున్నారన్న మాట రేపు మీ మీదికే వస్తుంది.