కంపోజిషన్‌కి క్లాసులెందుకండీ, గుల్జార్ హౌజ్ దగ్గర గంటసేపు నిలబడండి

"హైదరాబాద్‌లో బయట తిరుగుతూ ఫోటో కంపోజిషన్, అంటే ఫ్రేములో ఏది ఎక్కడుండాలో చూసుకోవడం, ప్రాక్టీస్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఏదైనా క్లాసులో చేరాలా?" అని అడిగారు. చేరకండి. నేను చేరాను. ఆరు వేలు కట్టి నాలుగు ఆదివారాలు ఏసీ గదిలో కూర్చుని స్లైడ్లు చూశాను. ఫ్రేముని అడ్డంగా మూడు, నిలువుగా మూడు ముక్కలు చేసి, గీతలు కలిసే చోట మనిషిని పెట్టమన్నారు. ఆ తర్వాత ఏడాదిపాటు నా ఫోటోల్లో మా ఆవిడ, మా కుక్క, దుర్గం చెరువు బ్రిడ్జి అన్నీ కుడిపక్కకి ఒదిగి కూర్చున్నాయి.

నాకు పనికొచ్చింది ఒక్కటే. ఒక చోటు, ఒక గంట, జూమ్ లేని 50 ఎంఎం లెన్సు, 36 ఫోటోలు. పాత రీలుకి అన్నే వచ్చేవి కదా, అందుకని ఆ లెక్క. తీసింది చూసుకోకుండా స్క్రీన్ మీద కాగితం అంటించేశాను. పాదాలు కదపకూడదు, వంగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, అంతే.

ఓ ఆదివారం పొద్దున ఆరున్నరకి పాతబస్తీలో చార్మినార్ దగ్గరున్న పాత ఫౌంటెన్, గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడ్డాను. చుట్టూ నాలుగు కమాన్లు, దక్షిణం వైపు దాంట్లోంచి చార్మినార్ కనిపిస్తుంది. అందరూ తీసే ఫోటోనే, నేనూ అదే తీశాను, పావుగంటలో పన్నెండు అయిపోయాయి. ఇక భయమేసి చెయ్యి ఆగింది. అప్పుడు గానీ మినార్‌కి అడ్డంగా పోతున్న కరెంటు వైరు కంటపడలేదు. గొంతుక్కూర్చుంటే దగ్గరున్న ఆ వైరు పైకి జరిగి కమాన్ నీడ నలుపులో కలిసిపోయింది. లెన్సుకి పెట్టే డబ్బు కంటే మోకాళ్లు వంచడమే ఎక్కువ పనిచేస్తుందని నా గట్టి నమ్మకం, ఎవరేమనుకున్నా సరే.

తూర్పున ఉన్న కాలీ కమాన్ వైపు నుంచి ఎండ పలచగా పడుతోంది, ముత్యాల కొట్ల షట్టర్లు ఇంకా లేవలేదు. అలా కూర్చునే ఉన్నానని చాయ్ బండాయన "క్యా భాయ్, కిస్కా ఇంతెజార్?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక నవ్వాను. అరగంట దాటాక నెత్తిన మూటతో ఒకాయన సరిగ్గా కమాన్ మధ్యకొచ్చాడు. నొక్కాను. గుండె దడదడలాడింది, ఇంక ఇంటికి పోవచ్చనుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే మనిషి బాగానే ఉన్నాడు, ఎడమ అంచున మాత్రం సగం ఆటో అద్దం తళతళా మెరుస్తోంది. కన్ను నేరుగా అక్కడికే పోతుంది. మధ్యలో మనిషినే చూస్తూ అంచుల సంగతి మరిచిపోయాను. అప్పటినుంచి నొక్కేముందు నాలుగు మూలలూ ఓసారి చుట్టి రావడం అలవాటైంది. ఆ రోజు 36లో పనికొచ్చినవి రెండు, అవీ మా ఆవిడ పర్లేదందని ఉంచాను.

గుంపుగా చేసే ఫోటోవాక్‌లకి మాత్రం పోకండి బాబూ. పావురాలకి గింజలేసే ఒక్క ముసలాయన చుట్టూ పదిహేను లెన్సులు, అందరికీ అదే ఫోటో. పైగా "బాబా, ఇటు చూడండి" అని ఆయనకే ఆర్డర్లు! ఆయనేమైనా స్టూడియోలో కూర్చున్నాడా?

కూకట్‌పల్లిలో ఉంటానన్నారు కాబట్టి పాతబస్తీ దాకా రానక్కర్లేదు. సాయంత్రం ఐదింటికి మెట్రో పిల్లర్ల నీడ రోడ్డు మీద పొడుగ్గా పడేచోటు ఒకటి చూసుకుని, వెలుగు పట్టీలోకి మనిషి వచ్చేదాకా ఆగండి. రైతుబజార్ వద్దు, మొదటిరోజే అన్ని రంగులు చూస్తే 36 పది నిమిషాల్లో అయిపోతాయి. ఎవరైనా ఫోటో వద్దంటే కెమెరా దించేయండి. నీళ్ల సీసా పట్టుకెళ్లండి, నేను మర్చిపోయి ఆ చాయ్ బండి దగ్గరే మూడు చాయ్‌లు తాగాను.